కార్డ్‌లెస్ టూల్స్ బ్యాటరీలు: కొనడం, ఛార్జ్ చేయడం, కాపాడుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రిల్లు గానీ, గ్రైండరు గానీ, రంపం గానీ, కార్డ్‌లెస్ టూల్‌లో ముందుగా పాడయ్యేది దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. మోటారు ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. బ్యాటరీ చెడిపోవడానికి కారణం చాలాసార్లు ఎక్కువగా వాడటం కాదు. వేడి తగలడం, పూర్తిగా ఖాళీ అయ్యాక అలాగే పడి ఉండటం, పనికి సరిపడని చిన్న ప్యాక్‌తో పెద్ద పని చేయించడం. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి చుట్టూనే ఉంటుంది. ప్రత్యేకంగా చెప్పని చోట లిథియం అయాన్ బ్యాటరీల గురించే మాట్లాడుతున్నాం.

18 వోల్టుల బ్యాటరీ, 20 వోల్ట్ మ్యాక్స్ బ్యాటరీ: ఏది బలమైనది?

రెండూ ఒకటే. లోపల ఐదు సెల్లులు (విడివిడి చిన్న బ్యాటరీలు) వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కో సెల్లు సగటు వోల్టేజీ 3.6, కాబట్టి 5 × 3.6 = 18. నిండుగా ఛార్జ్ అయినప్పుడు సెల్లుకు 4.2 వోల్టులు, అంటే ప్యాక్ మొత్తానికి 21. ఆ నిండు అంకెను కాస్త తగ్గించి 20 మ్యాక్స్ అని రాస్తారు. డీవాల్ట్ ఒకే బ్యాటరీని అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అనీ, యూరప్‌లో 18 వోల్టులనీ అమ్ముతుంది. అలాగే 10.8, 12 మ్యాక్స్ రెండూ మూడు సెల్లులవే. 36, 40 మ్యాక్స్ రెండూ పది సెల్లులవే. 54, 60 మ్యాక్స్ పదిహేను సెల్లులవి.

పోల్చాల్సి వస్తే లోపల వరుసలో ఎన్ని సెల్లులున్నాయో లెక్కపెట్టండి. డబ్బా మీది పెద్ద అంకెకు అంతకు మించి విలువ లేదు.

ఏహెచ్ అంటే ఏమిటి? ఎంత ఉన్నది తీసుకోవాలి?

ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్. 5 ఏహెచ్ బ్యాటరీ 5 ఆంపియర్ల చొప్పున గంటసేపు, లేదా 10 ఆంపియర్ల చొప్పున సుమారు అరగంట కరెంటు ఇస్తుంది. అయితే వేర్వేరు వోల్టేజీల బ్యాటరీలను ఏహెచ్‌తో పోల్చకూడదు. వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే వచ్చే వాట్ అవర్లే అసలైన నిల్వ. 18 వోల్టుల 5 ఏహెచ్ ప్యాక్‌లో 90 వాట్ అవర్లు ఉంటాయి. 36 వోల్టుల 2.5 ఏహెచ్ ప్యాక్‌లోనూ అంతే.

స్క్రూలు బిగించడానికి, చెక్కకు చిన్న రంధ్రాలు వేయడానికి 18 వోల్టులలో 2 ఏహెచ్ చాలు. చేయి తల మీదికి ఎత్తి చేసే పనికి తేలికైన ప్యాకే హాయి. దెబ్బలు కొడుతూ స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్‌కు 2 నుంచి 4. గోడకు రంధ్రాలు వేసే రోటరీ హ్యామర్‌కు, సర్క్యులర్ రంపానికి, యాంగిల్ గ్రైండర్‌కు 5 కంటే తక్కువ పెట్టవద్దు. ఆకులు ఊదే బ్లోయర్, గడ్డి కోసే యంత్రం లాంటివి ఆగకుండా కరెంటు లాగుతూనే ఉంటాయి, వాటికి 8 లేదా అంతకు మించి ఉంటేనే పని సాగుతుంది.

అదే గ్రైండర్, అదే 18 వోల్టులు. చిన్న బ్యాటరీ పెడితే ఎందుకు నీరసపడుతుంది?

కొనేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సిన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

2 ఏహెచ్ ప్యాక్‌లో సాధారణంగా ఐదు సెల్లులే ఉంటాయి, ఒకే వరుస. 5 ఏహెచ్ ప్యాక్‌లో (చాలా మోడళ్లలో) పది సెల్లులు, అంటే జంటలుగా కలిపిన ఐదు జోడీలు. గ్రైండర్ గట్టిగా కోస్తున్నప్పుడు సుమారు 40 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఒకే వరుస ఉన్న ప్యాక్‌లో ప్రతి సెల్లూ ఆ 40 మోయాలి. టూల్స్‌లో వాడే మంచి 18650 సెల్లులకు (ఈ పేరు సంగతి కింద చెప్తాం) కూడా నిరంతరంగా ఇవ్వగల హద్దు మామూలుగా 20 నుంచి 30 ఆంపియర్లే. రెండు వరుసలుంటే ఒక్కో సెల్లు మీద 20 ఆంపియర్ల భారమే పడుతుంది.

ఇప్పుడు లోపలి నిరోధం, అంటే కరెంటుకు సెల్లులే పెట్టే అడ్డు సంగతి. ఒకే వరుస ప్యాక్ మొత్తం నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే, 40 ఆంపియర్ల దగ్గర 4 వోల్టులు లోపలే పోతాయి. 20 వోల్టులతో మొదలైన ప్యాక్ గ్రైండర్‌కు 16 మాత్రమే అందిస్తుంది. పోయిన ఆ 4 వోల్టులు 160 వాట్ల వేడిగా మారి ఐదు సెల్లుల మీద పడతాయి, ఒక్కోదాని మీద 32 వాట్లు. రెండు వరుసల ప్యాక్‌లో నిరోధం సగం, నష్టం 2 వోల్టులు, వేడి 80 వాట్లు, అదీ పది సెల్లులకు పంచితే ఒక్కోదానికి 8 వాట్లే. సెల్లుల సంఖ్య రెండింతలైతే ఒక్కో సెల్లుకు తగిలే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది.

అందుకే పెద్ద ప్యాక్ ఎక్కువసేపు నడపడంతో పాటు టూల్‌కు బలం కూడా ఇస్తుంది, తానూ ఎక్కువ కాలం ఉంటుంది. గ్రైండర్‌కు 2 ఏహెచ్ పెట్టి "ఈ కంపెనీ బ్యాటరీలు త్వరగా పోతున్నాయి" అనుకోవడం బ్యాటరీకి అన్యాయం చేయడమే.

18650, 21700, పౌచ్: ఈ పేర్లేమిటి?

సెల్లుల కొలతలు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. 21700 అంటే 21 వ్యాసం, 70 పొడవు. టూల్స్‌కు తగినంత కరెంటు ఇవ్వగల 18650 సెల్లులు 1.5 నుంచి 3 ఏహెచ్ వరకు, 21700 సెల్లులు చాలావరకు 4 నుంచి 5 ఏహెచ్ వరకు వస్తాయి. పౌచ్ సెల్లు గుండ్రంగా కాక పలుచటి సంచిలా ఉంటుంది, నిరోధం తక్కువ, ప్యాక్ చిన్నదిగా వస్తుంది.

ఒకే 4 ఏహెచ్ ప్యాక్ రెండు రకాలుగా ఉండొచ్చు: పది 18650 సెల్లులతో ఒకటి, ఐదు 21700 సెల్లులతో ఇంకొకటి. రెండోది తేలిక, డ్రిల్లుకు బాగుంటుంది. బరువైన పనికి మాత్రం పది సెల్లులదే మేలు.

నకిలీ లేదా అబద్ధపు ఏహెచ్ బ్యాటరీని ఎలా పసిగట్టాలి?

లెక్కతో, తక్కెడతో.

ముందు లెక్క. పది 18650 సెల్లులు పట్టే మామూలు సైజు డబ్బాలో టూల్స్‌కు పనికొచ్చే గరిష్ఠం 6 ఏహెచ్. అదే సైజులో 9 లేదా 12 అని రాసి ఉంటే అది అబద్ధం. ఐదు 18650 సెల్లులు పట్టే సన్నటి డబ్బా మీద 5 లేదా 6 అని ఉంటే అదీ అంతే. ఆ కొలతలో అంత నిల్వ ఉన్న సెల్లు లేదు.

తర్వాత బరువు. ఒక 18650 సెల్లు 45 నుంచి 48 గ్రాములు, 21700 సెల్లు 70 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. పది 18650లున్న ప్యాక్‌లో సెల్లుల బరువే 450 గ్రాములు దాటాలి. పైన ప్లాస్టిక్, సర్క్యూట్, రేకులు కలిపితే 600 గ్రాముల చుట్టుపక్కల రావాలి. వంటింటి తక్కెడ మీద 400 చూపిస్తే లోపల ఐదే సెల్లులున్నాయి, మిగతా చోటంతా ఖాళీ.

ఇవి కాక, లేబుల్ మీద వాట్ అవర్లు రాయకపోవడం, రాసినవి వోల్టు, ఏహెచ్‌ల గుణకారానికి సరిపోకపోవడం, తయారీ తేదీ కోడ్ లేకపోవడం, అచ్చు తప్పులు, టూల్‌లో పెడితే వదులుగా కదలడం కూడా అనుమానించాల్సిన గుర్తులే. సెల్లులకు ఐఈసీ 62133, రవాణాకు యూఎన్ 38.3 అనే పరీక్షలున్నాయి. నిజాయతీగా అమ్మేవాళ్లు అడిగితే ఆ కాగితాలు చూపిస్తారు.

వేరే కంపెనీ చేసిన, నా టూల్‌కు సరిపోయే చవక బ్యాటరీ కొనవచ్చా?

కొన్ని బాగానే పనిచేస్తాయి. కానీ లోపల ఏ సెల్లు పెట్టారో మీకు తెలియదు, ఈ నెల కొన్నదానిలో ఉన్న సెల్లు వచ్చే నెల కొన్నదానిలో ఉండకపోవచ్చు. చవక ప్యాక్‌లలో ఎక్కువగా కోత పడేది రెండు చోట్ల: ఉష్ణోగ్రతను ఛార్జర్‌కు చెప్పే సెన్సార్, ఒక్కో సెల్లు జోడీని విడిగా గమనించే సర్క్యూట్. సెన్సార్ బదులు ఒక మామూలు రెసిస్టర్ పెడితే ఛార్జర్ దృష్టిలో ఆ బ్యాటరీ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, నిజానికి మండిపోతున్నా సరే. అందుకే అలాంటివి వాడితే డ్రిల్లు, లైటు లాంటి తేలిక పనులకే ఉంచండి, నిదానంగా నింపే ఛార్జర్ మీద పెట్టండి, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి.

ఒక కంపెనీ బ్యాటరీని ఇంకో కంపెనీ టూల్‌కు పెట్టే అడాప్టర్లు మంచివేనా?

ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. కొన్ని కంపెనీలు బ్యాటరీ మరీ ఖాళీ కాకముందే ఆపే ఏర్పాటును ప్యాక్‌లో పెడతాయి, మరికొన్ని టూల్‌లో పెడతాయి. ఆపే బాధ్యత టూల్‌దే అనుకునే బ్యాటరీని, ఆ బాధ్యత బ్యాటరీదే అనుకునే టూల్‌కు అడాప్టర్‌తో కలిపితే ఆపేవాళ్లే ఉండరు. బ్యాటరీ 10 వోల్టులకు పడిపోయినా టూల్ తిరుగుతూనే ఉంటుంది, ఆ బ్యాటరీ ఇక ఛార్జ్ కాదు. ఉష్ణోగ్రత సంకేతం కూడా అడాప్టర్ దాటి వెళ్లకపోవచ్చు.

తప్పదనుకుంటే టూల్ వేగం తగ్గిందనిపించగానే ఆపేయండి. పని అయ్యాక అడాప్టర్‌ను బ్యాటరీకి తగిలించి వదిలేయకండి, కొన్ని అడాప్టర్లు నెమ్మదిగా కరెంటు తాగుతూనే ఉంటాయి.

కొన్ని కంపెనీలు కలిసి ఒకే బ్యాటరీ వాడే కూటములూ ఉన్నాయి. మెటాబో 2018లో మొదలుపెట్టిన కార్డ్‌లెస్ అలయన్స్ సిస్టమ్, బాష్ ముందుండి 2020లో తెచ్చిన పవర్ ఫర్ ఆల్ అలయన్స్ అలాంటివే. వాటిలోని టూల్స్ మధ్య బ్యాటరీ మార్చుకోవడానికి అడాప్టర్ అక్కర్లేదు.

ఒక పెద్ద బ్యాటరీ కొనాలా, రెండు మధ్యరకంవా?

ఇంటి పనులకు రెండు మధ్యరకంవి. ఒకటి వాడుతుంటే ఇంకోటి ఛార్జ్ అవుతుంది, ఒకటి పోయినా పని ఆగదు. రోజంతా రంపం, గ్రైండర్ నడిపేవాళ్లు మాత్రం పెద్దవే రెండు తీసుకోవాలి.

వాడిన బ్యాటరీ కొంటే ఏం చూడాలి?

తయారీ తేదీ, పగుళ్లు, టెర్మినల్స్ (కరెంటు అందించే లోహపు రేకులు) దగ్గర కరిగిన ప్లాస్టిక్, స్క్రూల మీద ఎవరో విప్పిన గుర్తులు. మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి, 18 వోల్టుల ప్యాక్‌లో 15 కంటే తక్కువ ఉంటే అది చాలాకాలం ఖాళీగా పడి ఉన్నదై ఉండొచ్చు. నిండుగా ఛార్జ్ చేశాక 20.5 నుంచి 21 మధ్య రావాలి. ఆ తర్వాత గంటసేపు పక్కన పెట్టి మళ్లీ కొలవండి. అర వోల్టు కంటే ఎక్కువ పడిపోతే వదిలేయడమే మంచిది. వాడకుండా పెట్టెలోనే ఉన్నదైనా నాలుగైదేళ్ల పాతదైతే కొత్తదానిలా చూడకండి. సెల్లులు వాడినా వాడకపోయినా వయసు మీద పడి నిల్వ కోల్పోతాయి.

కొత్త బ్యాటరీని మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలా?

అక్కర్లేదు. అది పాత నికెల్ బ్యాటరీల కాలం నాటి సలహా. ఛార్జర్ నిండిందని చెప్పగానే తీసేయొచ్చు. కొత్తది సగానికంటే తక్కువ ఛార్జ్‌తో రావడం కూడా లోపం కాదు. విమానంలో సరుకుగా విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలు 30 శాతానికి మించి ఛార్జ్‌లో ఉండకూడదనే నియమం 2016 నుంచి అమల్లో ఉంది.

పూర్తిగా అయిపోయాకే ఛార్జ్ పెట్టాలా?

దానికి విరుద్ధంగా చేయండి. సగంలో ఛార్జ్ పెడుతూ ఉంటే నిల్వ తగ్గినట్టయ్యే మెమరీ ఎఫెక్ట్ అనేది నికెల్ కాడ్మియం బ్యాటరీల సమస్య, లిథియం అయాన్‌కు లేదు. సగంలో ఛార్జ్ పెట్టినా, పావు ఉండగా పెట్టినా నష్టం లేదు. రెండుసార్లు సగం సగం నింపితే ఒక పూర్తి సైకిల్ కింద లెక్క. మామూలు వాడకంలో కొన్ని వందల పూర్తి సైకిళ్ల తర్వాత నిల్వ 80 శాతానికి దిగుతుంది. ప్రతిసారీ టూల్ తనంతట తాను ఆగిపోయేదాకా వాడితే ఆ సంఖ్య తగ్గుతుంది. స్క్రూ మధ్యలో టూల్ ఆగిపోతే, కాసేపాగి మళ్లీ ట్రిగ్గర్ నొక్కి "ఇంకొంచెం" పిండుకోవడం అన్నింటికంటే చెడ్డ అలవాటు. ఆగిందంటే ఛార్జర్ మీద పెట్టండి, అంతే.

ఛార్జ్ కావడానికి ఎంతసేపు పడుతుంది?

బ్యాటరీ ఏహెచ్‌ను ఛార్జర్ ఆంపియర్లతో భాగించండి. 5 ఏహెచ్‌కు 3 ఆంపియర్ల ఛార్జర్ అయితే గంటా నలభై నిమిషాలు, దానికి చివర పది ఇరవై నిమిషాలు కలపండి. సెల్లులు 4.2 వోల్టులకు చేరాక ఛార్జర్ కరెంటును కొద్దికొద్దిగా తగ్గిస్తుంది, ఆ ఆలస్యం అందుకే. తొందర ఉంటే 80 శాతం దగ్గర తీసేసినా బ్యాటరీకి మేలే తప్ప కీడు లేదు.

వేగపు ఛార్జర్లు 6 నుంచి 9 ఆంపియర్లు, కొన్ని అంతకంటే ఎక్కువ ఇస్తాయి. పెద్ద ప్యాక్‌కు అది పర్వాలేదు. చిన్న 2 ఏహెచ్ ప్యాక్‌ను రోజూ వేగంగా నింపితే వేడెక్కి తొందరగా ముసలిదవుతుంది. రాత్రి తీరిక ఉన్నప్పుడు నిదానపు ఛార్జరే వాడండి.

పని ఆపి వెంటనే పెడితే ఛార్జర్ ఎర్ర లైటు మిణుకుమంటోంది. చెడిపోయిందా?

చాలాసార్లు కాదు. బ్యాటరీ వేడిగా ఉంది, చల్లబడేదాకా ఛార్జర్ ఆగుతోంది. లిథియం అయాన్ సెల్లులను 0 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఛార్జ్ చేయాలి. చాలా కంపెనీల పుస్తకాల్లో 5 నుంచి 40 అని ఉంటుంది. 0 కింద ఛార్జ్ చేస్తే లిథియం లోహంగా మారి సెల్లు లోపలి పొర మీద పేరుకుంటుంది, నిల్వ శాశ్వతంగా పోవడమే కాక లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. వేడి మీద ఛార్జ్ చేస్తే సెల్లు లోపలి ద్రావణం విచ్ఛిన్నమవుతుంది.

నీడలో, గాలి ఆడేచోట అరగంట ఉంచి పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చకండి, తేమ పట్టి టెర్మినల్స్ తుప్పెక్కుతాయి. చల్లబడ్డాక కూడా లైటు అలాగే మిణుకుమంటే ఇంకో బ్యాటరీ పెట్టి చూడండి. రెండోది ఛార్జ్ అయితే తప్పు మొదటి బ్యాటరీదే. అదీ కాకపోతే ఛార్జర్‌దే.

రాత్రంతా ఛార్జర్ మీదే వదిలేయొచ్చా?

కంపెనీ ఇచ్చిన ఛార్జర్ బ్యాటరీ నిండగానే ఆపేస్తుంది, ఒక రాత్రికి ఏమీ కాదు. వారాల తరబడి అక్కడే ఉంచితే మాత్రం బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దానివల్ల అది తొందరగా ముసలిదవుతుంది. ప్లగ్ తీసేసిన ఛార్జర్ మీద అసలు వదలకండి, కొన్ని ఛార్జర్లు బ్యాటరీ నుంచే కొద్దిగా కరెంటు లాగుతాయి. ఛార్జర్‌ను చెక్కపొట్టు, రంగు డబ్బాలు, గుడ్డల పక్కన కాకుండా గచ్చు మీదో రాతి పలక మీదో పెట్టండి.

కొన్ని నెలలు వాడను. ఎలా దాచాలి?

బ్యాటరీ మీద ఛార్జ్ చూపే లైట్లు నాలుగుంటే రెండు వెలిగేలా, అంటే 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి, టూల్ నుంచి తీసి, చల్లటి పొడి చోట పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి చూసి, ఒక లైటుకు దిగితే మళ్లీ సగానికి నింపండి. నిండుగా ఉండి వేడిలో ఉండటం అన్నిటికంటే హాని. ఎండలో మూసి ఉన్న కారు లోపల, రేకుల షెడ్డు పైకప్పు కింద అరలో ఉంచిన నిండు బ్యాటరీ వాడకుండానే నిల్వ కోల్పోతుంది. పూర్తిగా ఖాళీ చేసి దాచడం అంతకు తక్కువేమీ కాదు, లోపలి సర్క్యూట్ తాగే కొద్దిపాటి కరెంటుకే అది తిరిగిరాని స్థితికి జారిపోతుంది.

మేకులు, స్క్రూలు, డ్రిల్ బిట్లు ఉన్న పెట్టెలో వదులుగా వేయకండి. టెర్మినల్స్ మీది ప్లాస్టిక్ మూత పారేయకుండా దాచుకోండి.

బ్యాటరీ ఛార్జర్ మీద అసలు ఛార్జ్ కావడం లేదు. బతికించవచ్చా?

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ప్లస్, మైనస్ టెర్మినల్స్ దగ్గర కొలవండి. మీటరు ముళ్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి, ఈ ప్యాక్‌లు షార్ట్ అయితే వందల ఆంపియర్లు రావచ్చు. 18 వోల్టుల ప్యాక్‌లో:

15 పైన ఉంటే సెల్లులు ఖాళీ అయి లేవు. తప్పు మురికి టెర్మినల్స్‌లోనో, ఉష్ణోగ్రత సెన్సార్‌లోనో, లోపలి సర్క్యూట్‌లోనో, సెల్లుల తేడాలోనో ఉంది.

12.5 నుంచి 15 మధ్య ఉంటే మంచి ఛార్జర్ దీన్ని తీసుకోవాలి. మొదట చిన్న కరెంటుతో మొదలుపెట్టి, సెల్లులు లేచాక మామూలు వేగానికి వెళ్తుంది. ఒకసారి తీసి మళ్లీ పెట్టి చూడండి.

10 నుంచి 12.5 మధ్య అనుమానమే. తీసుకుంటే తీసుకుంటుంది, కానీ నిల్వ తగ్గి ఉంటుంది. మొదటి ఛార్జ్ అప్పుడు పక్కనే ఉండి, ఏదైనా ఒకచోట వేడెక్కుతోందేమో చేత్తో తాకి చూడండి.

10 కంటే తక్కువ, అంటే సెల్లుకు 2 వోల్టుల కింద ఉంటే వదిలేయండి. ఆ స్థాయిలో ఎక్కువ కాలం ఉంటే సెల్లు లోపలి రాగి రేకు ద్రావణంలో కరుగుతుంది. తర్వాత ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి మళ్లీ గడ్డకట్టి లోపలే షార్ట్ కావచ్చు.

నిండు బ్యాటరీని వైర్లతో చచ్చిన బ్యాటరీకి కలిపి "లేపే" వీడియోలు చాలా తిరుగుతున్నాయి. అలా కలిపినప్పుడు కరెంటుకు హద్దు ఉండదు, ఏ సెల్లు ఎంత దెబ్బతిన్నదో కనిపించదు. ఛార్జర్ వద్దన్నదాన్ని దొడ్డిదారిన ఎక్కించడం అది. చేయకండి.

మూడు లైట్లు వెలుగుతున్నాయి, టూల్ రెండు నిమిషాలకే ఆగిపోతోంది. ఎందుకు?

సెల్లుల మధ్య తేడా వచ్చింది. వరుసలో ఐదు సెల్లులు ఉంటే అన్నింటిలోంచీ ఒకే కరెంటు పోతుంది. జోడెద్దుల్లో ఒకటి నీరసించిన బండిలా, ఒక్క సెల్లు బలహీనపడితే ప్యాక్ మొత్తం దాని దగ్గరే ఆగుతుంది. మిగతా నాలుగూ 3.8 వోల్టుల దగ్గర ఉన్నా, అదొక్కటి 2.5కు పడిపోగానే సర్క్యూట్ ఆపేస్తుంది. లైట్లు చాలా ప్యాక్‌లలో మొత్తం వోల్టేజీని చూసే వెలుగుతాయి కాబట్టి ఇంకా ఛార్జ్ ఉన్నట్టే చూపిస్తాయి.

అన్ని ప్యాక్‌లలోనూ సెల్లులను సరిసమానం చేసే ఏర్పాటు ఉండదు. ఉన్నవాటిలో చాలావరకు అది నిండుగా ఛార్జ్ అయ్యే చివరి దశలోనే పనిచేస్తుంది. అందుకని ఇలాంటి బ్యాటరీని రెండు మూడుసార్లు నిదానపు ఛార్జర్ మీద పూర్తిగా నింపి, నిండాక కూడా కొన్ని గంటలు అక్కడే ఉంచి చూడండి. తేడా చిన్నదైతే సర్దుకోవచ్చు. మారకపోతే వారంటీ ఉందేమో చూసుకోవడమే.

నా బ్యాటరీలో ఇంకా ఎంత నిల్వ మిగిలిందో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

అదే బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ వర్క్ లైటు ఒకటి ఉంటే చాలు.

1. బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసి, అరగంట చల్లారనివ్వండి.
2. లైటును ఎప్పుడూ ఒకే వెలుగు స్థాయిలో పెట్టి, వెలిగించిన సమయం రాసుకోండి.
3. ఆరిపోయిన సమయం రాసుకుని, బ్యాటరీని వెంటనే తీసి ఛార్జ్ పెట్టండి.

20 వాట్ల లైటు 90 వాట్ అవర్ల కొత్త ప్యాక్ మీద సుమారు నాలుగున్నర గంటలు వెలుగుతుంది. రెండేళ్లకు అదే మూడు గంటలే వస్తే మూడో వంతు నిల్వ పోయినట్టు. కొనగానే ఒకసారి ఈ పరీక్ష చేసి, ఆ అంకెను బ్యాటరీ అడుగున మార్కర్‌తో రాసి పెట్టుకోండి, తేదీతో సహా. తర్వాత పోల్చుకోవడానికి అంతకు మించిన ఆధారం ఉండదు. ఒక్క హెచ్చరిక: లైటు లాగేది ఒకటి రెండు ఆంపియర్లే. నిరోధం పెరిగిన ముసలి ప్యాక్ లైటు పరీక్షలో గెలిచి, గ్రైండర్ దగ్గర ఓడిపోవచ్చు.

టెర్మినల్స్ ఎలా శుభ్రం చేయాలి?

ముందు పొడి టూత్‌బ్రష్‌తో దుమ్ము దులపండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూది పుల్లతో ఒక్కో రేకునూ విడిగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు, కిరోసిన్, గరుకు కాగితం వద్దు. గరుకు కాగితం పైపూతను తీసేస్తుంది, ఆ తర్వాత రేకు మరింత త్వరగా నల్లబడుతుంది. ఇనుము కోసే గ్రైండర్ వాడేవాళ్లు ఇది తరచూ చేయాలి. ఆ ఇనుప రజను టూల్ లోపలి రేకుల మధ్య కూడా చేరుతుంది, కాబట్టి టూల్ వైపు కూడా దులపండి.

రేకు చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంటే పట్టు వదులై నిప్పురవ్వలు వస్తున్నాయని అర్థం. అలాంటి టూల్‌లో మంచి బ్యాటరీ పెడితే అదీ పాడవుతుంది. ముందు టూల్ రేకులు మార్పించండి.

లోపలి సెల్లులు మార్పించుకోవచ్చా?

స్పాట్ వెల్డింగ్ మిషన్, ఒకే బ్యాచ్ సెల్లులు, లిథియం ప్యాక్‌లతో అనుభవం ఉన్నవాళ్లైతే చేయగలరు. సెల్లు మీద నేరుగా టంకం పెట్టేవాళ్లకు మాత్రం ఇవ్వకండి, ఆ వేడికి లోపలి సీలు, పలుచటి పొర దెబ్బతింటాయి. ఐదింటిలో చెడిన ఒక్కటే మార్చడం కూడా దండగ. కొత్తదీ పాతవీ ఒక్కలా నడవవు, కొద్దిరోజుల్లో మళ్లీ తేడా వస్తుంది. మార్చే సెల్లు ఏహెచ్ ఒక్కటే చూస్తే చాలదు, నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చూడాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్లులు ఇక్కడ పనికిరావు. కొన్ని ప్యాక్‌ల సర్క్యూట్ సెల్లులు విడదీయగానే శాశ్వతంగా తాళం వేసుకుంటుంది, మొదలుపెట్టే ముందే ఆ మోడల్ సంగతి కనుక్కోండి.

కింద పడింది, నీళ్లలో తడిసింది. వాడొచ్చా?

కింద పడి పైడబ్బా పగిలితే వాడకండి. పగలకపోతే ఒక రోజు ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా ఉంచి, వేడెక్కడం, ఉబ్బడం, వాసన లేవని చూశాక ఛార్జ్ చేయండి. నాలుగు చినుకులు పడితే తుడిచి ఆరబెడితే సరిపోతుంది. నీళ్లలో మునిగిందంటే, ముఖ్యంగా ఉప్పునీళ్లలో, పైకి ఆరినట్టు కనిపించినా లోపల తుప్పు కొనసాగుతుంది. దాన్ని ఛార్జర్ మీద పెట్టవద్దు.

ఉబ్బింది, తియ్యటి వాసన వస్తోంది, బుస్సుమంటోంది, పొగ వస్తోంది. ఏం చేయాలి?

ఉబ్బడం, రసాయనపు తియ్యటి వాసన కనిపిస్తే ఇంకా వ్యవధి ఉంది. ఛార్జర్ ప్లగ్ తీసి, బ్యాటరీని బయట గచ్చు మీద, గోడలకూ వాహనాలకూ దూరంగా పెట్టండి. బుస్సుమనడం, పొగ మొదలైతే చేత్తో పట్టుకోవద్దు. మనుషులను బయటికి పంపి, తలుపు మూసి, ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులుంటాయి, పీల్చకూడదు.

దూరం నుంచి పోయగలిగితే ఎక్కువ నీళ్లు పోయడమే సరైన పని. లిథియం కదా, నీళ్లు తగిలితే పేలుతుందని భయపడతారు. లిథియం అయాన్ సెల్లులో మామూలుగా లిథియం లోహం రూపంలో ఉండదు. నీళ్లు సెల్లులను చల్లబరిచి, పక్క సెల్లుకు మంట అంటకుండా ఆపుతాయి. పొడి చల్లే సిలిండర్ మంటను అణచినా వేడిని తీయదు, కాసేపటికి మళ్లీ అంటుకోవచ్చు. ఆరిందనుకున్నాక కూడా గంటల తరబడి కనిపెట్టి ఉండాలి.

విమానంలో తీసుకెళ్లవచ్చా?

విడి బ్యాటరీలు చేతి సామానులోనే, టెర్మినల్స్‌కు మూత లేదా టేపు వేసి. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు, కాబట్టి 18 వోల్టుల 5 ఏహెచ్ ప్యాక్ (90) సరే. 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతితో రెండు వరకు. 18 వోల్టుల 6 ఏహెచ్ అంటే 108, ఈ రెండో తరగతిలోకి వస్తుంది. 160 దాటితే ప్రయాణికుల సామానులో కుదరదు. డ్రిల్లు, రంపం లాంటి టూల్ మాత్రం కింద సరుకులో వేసే పెట్టెలోకి వెళ్లాలి, చేతి సామానులో సాధారణంగా ఆపేస్తారు.

పనికిరాని బ్యాటరీని ఏం చేయాలి?

టెర్మినల్స్ మీద టేపు వేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికో, తిరిగి తీసుకునే అమ్మకందారుకో ఇవ్వండి. మామూలు చెత్తలో వేస్తే చెత్త బండిలో నలిగి మంట అంటుకుంటుంది. ఉబ్బినవి, పగిలినవి విడిగా పొడి ఇసుకలో పెట్టి, ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పండి.

నా దగ్గర పాత నికెల్ కాడ్మియం డ్రిల్లు ఉంది. దానికీ ఇవే నియమాలా?

కావు. నికెల్ కాడ్మియం సెల్లు 1.2 వోల్టులది, 18 వోల్టులకు పదిహేను సెల్లులు పడతాయి. దాన్ని ఖాళీగా దాచినా తట్టుకుంటుంది. వాడకుండా ఉంచితే దానంతట అదే ఛార్జ్ కోల్పోతుంది కాబట్టి పనికి ముందు రోజు ఛార్జ్ పెట్టాలి. అప్పుడప్పుడు టూల్ వేగం తగ్గేదాకా వాడి తర్వాత నింపడం దీనికి మంచిదే. నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్‌ను పాత కాడ్మియం ఛార్జర్ మీద పెట్టకండి, నిండిన గుర్తు దానిలో బలహీనంగా ఉంటుంది, ఛార్జర్ పసిగట్టలేక అతిగా నింపుతుంది. ఈ రెండు రకాల ఛార్జర్లనూ లిథియం బ్యాటరీకి ఎప్పుడూ వాడకూడదు. కాడ్మియం విషపూరితం. యూరోపియన్ యూనియన్‌లో కార్డ్‌లెస్ టూల్స్‌కు ఈ బ్యాటరీల అమ్మకాన్ని 2016 చివరితో ఆపేశారు. పోయిన ప్యాక్‌కు కొత్తది వెతకడం కంటే లిథియం టూల్‌కు మారడమే మేలు.